పిలిచే పేరు దగ్గరే నంబరు

(దూరపు ఊళ్ల ఫోను కాల్స్ చేత్తో కలిపే ట్రంకు ఎక్స్‌ఛేంజ్‌లో ఆపరేటరుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దావిడ ఒడిశాలోని బరంపురంలో ఒక తెలుగు పఠన మందిరంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డు విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లు ముందుకి రండి బాబూ, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వెనక వాళ్లకి వినబడుతోందా? సరే.

ఇవాళ నేను మాట్లాడేది ఒక పెట్టె గురించి. ఫోను నంబర్లు చిన్న చిన్న అట్టల మీద రాసి, అక్షరాల వరసలో గదులుగా పేర్చి, బల్ల మీద పెట్టుకునే పెట్టె. ఇదిగో, ఇదే. నేను చేసుకున్నదే. దీని గురించి గంటసేపు ఏం మాట్లాడుతుంది ఈవిడ అనుకుంటున్నారేమో. నేను 1976లో ట్రంకు బోర్డు ముందు కూర్చున్నాను. చెవికి హెడ్‌ఫోను, చేతిలో తీగ, ఎదురుగా లైనుకో కన్నం, తీగ గుచ్చితే లైను కలుస్తుంది. పేర్లూ నంబర్లే నా బతుకు. ఒక మనిషి పేరు చెబితే ఎంతసేపట్లో అతని నంబరు దొరకాలి? అదొక్కటే నాకు ఉద్యోగం నేర్పిన ప్రశ్న. ఇప్పటికీ నన్ను వదలని ప్రశ్న.

ముందు ఫైలిన్ తుఫాను సంగతి చెప్పాలి. 2013 అక్టోబరు 12, దసరా అష్టమి. గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. మీలో చాలామంది ఆ రాత్రి ఇక్కడే ఉన్నారు కదా? మీకు నేను చెప్పక్కర్లేదు. తెల్లారేసరికి వీధిలో చెట్టన్నది నిలబడి లేదు. కరెంటు పోయింది, ఇంక రోజుల తరబడి రాలేదు. మా ఇంట్లో మూడు సెల్‌ఫోన్లు, మూడూ చల్లారిపోయాయి. మూడో రోజున మా ఆయనకి ఆయాసం మొదలైంది. వీధి చివర ఒకాయన లారీ బ్యాటరీకి తగిలించి ఫోను చార్జి చేసుకున్నాడని తెలిసి పరిగెత్తాను. "తీసుకోండమ్మా, చేసుకోండి" అని ఫోను చేతిలో పెట్టాడు. చేతిలో ఫోను ఉంది. సిగ్నలు ఒక గీత ఉంది. ఎవరికి చెయ్యాలో తెలుసు, శ్రీకాకుళంలో ఉన్న మా తమ్ముడికి. వాడి నంబరు? నాకు రాలేదు. ట్రంకు బోర్డు మీద వందల నంబర్లు నోటికి వచ్చినదాన్ని, సొంత తమ్ముడి నంబరు నాకు రాలేదు.

ఇంటికొచ్చి డైరీ తీశాను. కిటికీ పక్కన బల్ల మీద ఉండేది. ఆ రాత్రి జల్లు కొట్టి తడిసింది. సిరా పెన్నుతో రాసుకున్నాను అన్నీ. పేజీ పేజీకీ నీలం మరక. అంకెలు లేవు, మరకలున్నాయి. ఒక్క పేజీలో మాత్రం, ఎప్పుడో తొందరలో పెన్సిలుతో రాసిన నాలుగు నంబర్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి. అందులో ఒకటి మా తమ్ముడి పక్కింటివాళ్లది. అలా కబురు అందింది, వాడు రాగలిగాడు, మా ఆయన గట్టెక్కారు. పెన్సిలు గీత నీళ్లకి కరగదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను దాని దగ్గరికి.

అప్పటినుంచి ఈ పెట్టె మీద పడ్డాను. 2018లో తిత్లీ తుఫాను వచ్చేసరికి ఇది బల్ల మీద ఉంది. అప్పటికి మూడోసారి విప్పి మళ్లీ కట్టిన పెట్టె.

కొంచెం వెనక్కి వెళ్దాం. ప్రపంచంలో మొదటి టెలిఫోను డైరెక్టరీ ఎప్పుడొచ్చిందో తెలుసా? 1878 ఫిబ్రవరిలో, అమెరికాలో న్యూ హేవెన్ అనే ఊళ్లో. ఒక్క అట్ట ముక్క. యాభై పేర్లు. నంబర్లు లేవు! పేరు చెబితే ఆపరేటరు కలిపేవాడు. మరి నంబర్లు ఎందుకొచ్చాయి? మరుసటి ఏడు, లోవెల్ అనే ఊళ్లో, పొంగు జ్వరాలు వచ్చాయి. అక్కడి డాక్టరు ఒకాయనకి భయం పట్టుకుంది: ఎవరిది ఏ కన్నమో తెలిసిన ఆపరేటర్లు నలుగురూ మంచం పడితే ఊరంతా మూగబోతుంది కదా అని. అందుకని మనిషికో నంబరు ఇవ్వండి, కొత్తవాళ్లు కూర్చున్నా కలపగలరు అన్నాడు. ఎంత మంచి ఆలోచనో చూడండి. తెలిసినవాళ్లు లేనప్పుడు తెలియనివాళ్లు కూడా పని చెయ్యగలగాలి. నా పెట్టెకి మొట్టమొదటి షరతు అదే. నేను లేనప్పుడు మా మనవరాలు తియ్యగలగాలి. మా పనిమనిషి తియ్యగలగాలి. ఆమెకి ఒడియా అక్షరాలే వచ్చు, తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు.

అక్కడే అసలు చిక్కు మొదలైంది.

మా ఆఫీసులో రేకు ఇండెక్సు ఒకటి ఉండేది, మీలో పెద్దవాళ్లు చూసే ఉంటారు. పక్కన ఏ నుంచి జెడ్ దాకా అక్షరాలు, ఒక ముల్లు. ముల్లు అక్షరం మీదికి జరిపి కింద నొక్కితే మూత ఆ పేజీ దగ్గర తెరుచుకునేది. న్యూస్టాటర్ అనే ఆయన అమెరికాలో ఇలాంటిది చేశాడు, ఆయనే తరవాత 1950ల్లో గుండ్రంగా తిరిగే రోలోడెక్స్ తెచ్చాడు. గొప్ప పనితనం. కానీ అది ఇంగ్లీషు పేర్లకి కట్టిన ఇల్లు. మన పేర్లు అందులో ఎక్కడ కాపురం ఉంటాయి? క్యూ పేజీ ఖాళీ. ఎక్స్ ఖాళీ. ఎస్ పేజీ మాత్రం మొదటి నెలలోనే నిండిపోయేది, సత్యనారాయణలు, సూర్యనారాయణలు, శ్రీనివాసులు, సింహాచలాలు. ఈశ్వరరావు గారు ఏ పేజీలో ఉన్నారు? తెలుగువాళ్లు ఆయన్ని ఇ-ఎస్ అని రాస్తారు. అదే పేరున్న ఒడియా ఆయన ఐ-ఎస్ అని రాసుకుంటారు. ఒకటే పేరు, ఒకటే పలుకుబడి, రెండు పేజీలు. త-తో మొదలయ్యే తవిటయ్య, ట-తో మొదలయ్యే టంకం పనివాడు ఇద్దరూ టీ పేజీలోనే. నేను షిఫ్టులో కొత్తగా చేరిన అమ్మాయికి రోజూ ఇదే నేర్పాల్సి వచ్చేది: "అక్కడ లేకపోతే ఇక్కడ చూడు." రెండు చోట్ల వెతకాల్సిన ఇండెక్సు ఇండెక్సు ఎలా అవుతుంది?

సరే, తెలుగు అక్షరాలతో చేద్దామంటే ఒడియా చదివేవాళ్లకి పనికిరాదు. ఒడియాతో చేస్తే మా పెద్దాడపడుచుకి పనికిరాదు. రెండు పెట్టెలు పెట్టుకోవాలా?

ఒకరోజు మా మనవరాలు ఒడియా వర్ణమాల వల్లె వేస్తోంది. అ ఆ ఇ ఈ ఉ ఊ. క ఖ గ ఘ. నేను వంటింట్లోంచి వింటున్నాను. చెయ్యి ఆగిపోయింది. మన వరసే కదా! అక్షరం ఆకారం వేరు, వరస ఒకటే. క తరవాత ఖ, చ తరవాత ఛ, ప ఫ బ భ మ. రెండు లిపులూ బ్రాహ్మి అనే పాత లిపి కడుపున పుట్టినవే. ఇన్నేళ్లు రెండు భాషల మధ్య తీగలు కలిపాను, ఈ సంగతి నాకు తట్టలేదు. రెండు పెట్టెలు అక్కర్లేదు. ఒకటే పెట్టె, ఒకటే వరస, ప్రతి గదికీ ముందు ఒక అట్ట, పైకి కనబడే దాని చెవి మీద రెండక్షరాలు: ఎడమ తెలుగు, కుడి ఒడియా. మా పనిమనిషి కుడి అక్షరం చూస్తుంది, నేను ఎడమది చూస్తాను, ఇద్దరి చెయ్యీ ఒకే చోటికి పోతుంది.

వరస ఒకటే అయినా నోరు ఒకటి కాదు. మన ఊళ్లో పుట్టి రాష్ట్రపతి అయిన గిరిగారి పేరు తీసుకోండి. 1894లో బరంపురంలోనే పుట్టారు. ఇంటిపేరు వరాహగిరి. మనం వ దగ్గర వెతుకుతాం. ఒడియా నోట్లో వరాహం బరాహం, కాబట్టి బ దగ్గరికి పోతుంది. పోనీ వి.వి.గిరి అందామా, ఇంగ్లీషు వి అక్షరాన్ని ఒడియాలో భ-తో రాస్తారు, భ దగ్గరికి పోతుంది. ఒక మహానుభావుడి పేరు మూడు గదుల్లో! వెంకటరావులందరికీ ఇదే తిప్పలు. నేనేం చేశానంటే, బ భ వ మూడింటినీ కలిపి ఒకే గది చేశాను. వ అసలు చోట, అంటే ల తరవాత, ఒక చిన్న అట్ట పెట్టి "చూ. బ" అని రాశాను. నిఘంటువుల్లో ఉంటుంది కదా, చూడు అనడానికి "చూ." అని? అదే.

య కూడా అంతే. మన యశోద వాళ్లకి జశోద. యోగి జోగి. కాబట్టి య-ని తీసుకెళ్లి జ పక్కన కూర్చోబెట్టాను. శ ష స మూడూ ఒడియాలో స లాగే పలుకుతాయి, మన మాటల్లోనూ శ ఎంతమంది నోట పలుకుతుంది చెప్పండి? ఆ మూడూ ఒకే గది. కానీ అది కిక్కిరిసిపోతుంది, అందుకని "శ్రీ" అనే దాన్ని వేరు చేశాను.

మొత్తం పద్దెనిమిది గదులు తేలాయి. రాసుకుంటారా? నెమ్మదిగా చెబుతాను. అ ఆ ఒకటి. ఇ నుంచి ఋ దాకా ఒకటి. ఎ నుంచి ఔ దాకా ఒకటి. క ఖ. గ ఘ. చ ఛ జ ఝ, వాటితో య, ఒకటే. ట ఠ డ ఢ ఒకటి. త థ. ద ధ. న. ప ఫ. బ భ వ. మ. ర. ల ళ. శ ష స. శ్రీ. చివర హ. ఎన్నయ్యాయి? పద్దెనిమిది. ముందు నేను యాభై గదులు చేశాను, అక్షరానికొకటి. ఝ గదిలో ఎవరూ లేరు, ఠ గదిలో ఎవరూ లేరు, ఖాళీ అట్టలు దాటుకుంటూ వెతకడమే సరిపోయింది. మీ ఇంట్లో మీ పేర్లు ఎక్కువ ఏ గదిలో పడతాయో దాన్ని విడగొట్టుకోండి. ఖాళీగా ఉన్నవాటిని కలిపేసుకోండి. మీ చుట్టాలకి తగ్గట్టు కుట్టుకునే చొక్కా ఇది.

ఇప్పుడు ఇంకో ముఖ్యమైన మాట. ఏ పేరు కింద పెట్టాలి? ఇంటిపేరా, అసలు పేరా? మన వాళ్లకి ఇంటిపేరు ముందు వస్తుంది. ఒడియా వాళ్లకి చివర వస్తుంది. ఇంటిపేరు బట్టి పెడితే ప గది బద్దలవుతుంది: పాత్రో, పండా, పాఢి, పాణిగ్రాహి, పట్నాయక్, ప్రధాన్. అసలు పేరు బట్టి పెడితే మన సత్యనారాయణలు స గది నింపేస్తారు. మరి?

బోర్డు మీద కూర్చున్న రోజుల్లో నాకు ఫోనెత్తి ఎవరూ ఇంటిపేరు చెప్పలేదు. "గాంధీనగర్ డాక్టరు గారికివ్వమ్మా." "పట్టుచీరల కొట్టు పెద్దాయనకి కలుపు తల్లీ." మనిషి తొందరలో ఉన్నప్పుడు నోటికి ఏది వస్తుందో అదే ఆ మనిషి పేరు. ఇండెక్సు ఆ నోటికి సేవ చెయ్యాలి. మా పాలాయన పూర్తి పేరు నాకు తెలుసు, కానీ తెల్లారి పాలు రాకపోతే నేను ఆ పేరు తలుచుకోను, పాలు అనుకుంటాను. కాబట్టి ఆయన అట్ట ప గదిలో, "పాలు" అని. కరెంటు మిస్త్రీ క గదిలో. శ్రీనివాసుని అందరూ సీను అంటే స గదిలో సీను అనే రాయండి, శ్రీ గదిలో కాదు. పూర్తి పేరు కింద చిన్నగా రాయండి.

పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిగారు సవరల దగ్గర కూర్చుని వాళ్ల నోట విన్న మాటను విన్నట్టు రాసుకుని నిఘంటువు కట్టారు. మాట ఎలా పలుకుతారో అలాగే దానికి చోటు. మన జిల్లాల గాలిలోనే ఉంది ఈ పాఠం. ఫోను నంబర్ల పెట్టెకి అంత పెద్దాయన ఎందుకంటారేమో, పని చిన్నదైనా సూత్రం అదే కదా!

ఒకే పేరు ఇద్దరికి ఉంటే రెండో మాట తప్పనిసరి. ఊరో, పనో. మన ఊరికే ఆ బాధ ఉండేది. బెంగాల్లో ఇంకో బహరంపుర్ ఉంది. ట్రంకు కాల్ బుక్ చేసేటప్పుడు "బరంపురం, గంజాం" అని జిల్లా పేరు నొక్కి చెప్పకపోతే లైను ఎక్కడికో పోయేది. అర్జెంట్ కాల్‌కి డబ్బు కట్టిన మనిషికి అవతల బెంగాలీ గొంతు వినబడితే ఎలా ఉంటుంది? అందుకని అట్ట మీద "రమణ, ఇచ్ఛాపురం", "రమణ, వడ్రంగి" అని రాయండి. ఒట్టి రమణ అని రాయకండి.

ఇప్పుడు చేత్తో చేసే పని. అట్టలకి ఏ-ఫోర్ సైజు మందపాటి కాగితం తీసుకోండి. దాన్ని మూడుసార్లు సగానికి మడిస్తే ఎనిమిది ముక్కలు, ఒక్కోటి పదిన్నర సెంటీమీటర్ల వెడల్పు, ఏడుంబావు పైన కాస్త ఎత్తు. నూటయాభై అట్టలకి పంతొమ్మిది కాగితాలు చాలు. గదుల అట్టలు ఒక సెంటీమీటరు ఎత్తుగా ఉండాలి, చెవి పైకి కనబడటానికి. అవి కాగితానికి ఆరు వస్తాయి, మూడు కాగితాలకి పద్దెనిమిది. చెవులు అన్నీ ఒకేచోట కత్తిరించకండి, ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి. వెడల్పుని ఐదు భాగాలు చేసి మెట్లలా జరుపుకుంటూ పోండి. శుభలేఖలు పాతవి మన ఇళ్లలో గుట్టలుగా ఉంటాయి, వాటి వెనక వైపు కూడా బాగా పనికొస్తుంది.

పెట్టె లోపల పదకొండు సెంటీమీటర్ల వెడల్పు, పదిహేను సెంటీమీటర్ల పొడవు. నూటయాభై అట్టలు ఆరు సెంటీమీటర్లే ఆక్రమిస్తాయి కదా, మిగతా చోటు ఎందుకు అని మా ఆయన అడిగారు. అట్ట ముందుకి వాలాలి, అప్పుడే వెనక అట్ట చదవగలం. కిక్కిరిసిన పెట్టెలో రెండు చేతులూ పెట్టాలి. ఫోను ఎత్తినప్పుడు మీకు ఉండేది ఒక్క చెయ్యే! ఇది బోర్డు మీద నేర్చుకున్నది. ఒక చేత్తో తియ్యలేనిదాన్ని ఫోను పక్కన పెట్టకూడదు. అందుకే పెట్టె అడుగున ఒక గచ్చు పలక ముక్క అంటించాను. బరువుగా ఉంటుంది, ఒక చేత్తో తిరగేస్తుంటే బల్ల మీద జారదు.

కింద పడితే అట్టలు చెల్లాచెదురవుతాయి. దానికి సైకిలు స్పోకు. పంచింగ్ మిషనుతో ప్రతి అట్టకీ కింద మధ్యలో కన్నం, స్పోకు ఆ కన్నాల్లోంచి పెట్టె ఈ గోడ నుంచి ఆ గోడకి. స్పోకు సన్నం, కన్నం వెడల్పు, అట్ట హాయిగా వాలుతుంది. కన్నం నుంచి అట్ట అడుగు దాకా కత్తెరతో ఒక చీలిక ఇవ్వండి. అప్పుడు స్పోకు ఊడదియ్యకుండానే అట్ట పైకి లాగొచ్చు, మళ్లీ దింపొచ్చు. చూడండి, ఇలా. ముందువరసలో ఉన్న బాబు, నువ్వొచ్చి లాగు. వచ్చిందా? కింద పడేసి చూద్దాం. ఒక్కటీ ఊడలేదు.

ఇక రాత. పేరు బాల్‌పెన్నుతో పెద్దగా, నంబరు పెన్సిలుతో. పేరు మారదు, నంబరు మారుతుంది. మన ఉప్పుగాలికీ వానకీ పెన్సిలే నమ్మకం, నా డైరీ సంగతి విన్నారు కదా. పాత నంబరు రబ్బరుతో చెరపకండి, ఒక గీత కొట్టి కింద కొత్తది రాయండి. కొత్తది తప్పని తేలితే పాతది ఉంటుంది. మూలన ఆ నంబరుకి చివరిసారి ఎప్పుడు మాట్లాడారో నెల, సంవత్సరం.

అంకెలు ఐదు, ఐదుగా విడగొట్టి రాయండి. పది అంకెలు ఒక్క బిగిన కంటికి ఆనవు. ల్యాండ్‌లైన్ అయితే కోడు తప్పక: మనది 0680, విశాఖ 0891, శ్రీకాకుళం 08942. 2021 జనవరి నుంచి ల్యాండ్‌లైన్ మీద నుంచి సెల్‌కి చేస్తే ముందు సున్నా కొట్టాలి, అది మూత లోపల రాసి పెట్టాను.

ఒడియాలో చెప్పిన నంబరు రాసుకునేటప్పుడు జాగ్రత్త. మన లెక్క సాఫీ: ఇరవై తొమ్మిది అంటే ఇరవై, దాని పైన తొమ్మిది. వాళ్లు 29ని "అణతిరిశ" అంటారు, ముప్పైకి ఒకటి తక్కువ అని. 69 "అణస్తరి". చెవికి తిరిశ ఒక్కటే పడితే చెయ్యి మూడు, సున్నా రాసేస్తుంది. నేను కొత్తలో ఎన్నిసార్లు తప్పు లైను కలిపానో! అందుకని విడివిడిగా చెప్పించుకోండి: రెండు, తొమ్మిది. రాతలోనూ అంతే, ఒడియా నాలుగు చూడటానికి దాదాపు 8లా ఉంటుంది. ఎవరైనా చీటీ మీద రాసిస్తే అక్కడే చదివి వినిపించి, ఆ తరవాతే అట్ట మీదికి ఎక్కించండి. నంబర్లన్నీ అందరికీ తెలిసిన అంకెల్లోనే.

అన్నిటికంటే ముందు ఒక ఎర్ర అట్ట. ఏ ఆపదకైనా 112, అంబులెన్సుకి 108, కరెంటుకి 1912, మీ వీధిలో రాత్రి కూడా బండి తీసే ఒక మనిషి నంబరు. ఆ అట్ట మీద మీ ఇంటి చిరునామా కూడా రాయండి. ఎందుకో తెలుసా? కంగారులో మనింటి చిరునామా మనకే నోటికి రాదు. బ్యాంకు పిన్నులు, పాస్‌వర్డులు మాత్రం ఇందులో వద్దు, ఇది నలుగురూ చూసే పెట్టె.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పమ్మా. ఆ... ఫోనులో నంబర్లన్నీ ఎక్కడో భద్రంగా ఉంటాయి, కొత్త ఫోను కొన్నా వచ్చేస్తాయి కదా అంటోంది. వస్తాయమ్మా, నిజమే. నేను కూడా వాడతాను. కానీ ఆ రోజు లారీ బ్యాటరీ దగ్గర నా చేతిలో ఉన్నది ఇంకొకరి ఫోను. ఇంకో సంగతి. ఫోనుకి తాళం ఉంటుంది, ఆ తాళం నీకొక్కదానికే తెలుసు. నువ్వు పడిపోతే మీ అమ్మ ఎవరికి ఫోను చెయ్యాలి? ఆవిడ చేతికి అందాల్సిన నంబర్లు ఎన్ని? ఇరవై? ఆ ఇరవైతోనే మొదలుపెట్టు. నూటయాభై నేను అన్నాను గానీ, ఇరవై అట్టలతో కూడా ఇది పెట్టే.

పక్క గదిలో బల్ల మీద కాగితాలు, స్కేళ్లు, మూడు కత్తెర్లు, ఒక పంచింగ్ మిషను పెట్టించాను. స్పోకులు సైకిలు షాపు నుంచి పాతవి తెచ్చాం, ఒక డజనున్నాయి. ఒడియా అక్షరాలు రాయడానికి మా మనవరాలు కూర్చుంటుంది. పిల్లలు కత్తెర పట్టుకుంటే పెద్దవాళ్లు పక్కన ఉండండి. మొదటి అట్ట మీద ఎవరి పేరు రాస్తారో, ఆ మనిషికి ఇప్పుడే ఒకసారి ఫోను చేసి నంబరు సరిచూసుకుని రాయండి. పదండి.